మొదటి లైను

డాక్టరు గదిలో రోగి కూర్చునే కుర్చీకి రెండు చేతులున్నాయి. వదిన ఆ కుర్చీ వంక ఒకసారి చూసి, వెంట వచ్చిన మరదలి వంక ఒకసారి చూసింది.

"ఇది చేసినవాడెవడో నీ కొలతలు తీసుకుని చేశాడే పుల్లా. నువ్వు కూర్చో. నేను నిలబడే చెప్పుకుంటాను నా గోల" అంది.

డాక్టరు నవ్వాడు. తలుపు దగ్గరున్న నర్సు కూడా నవ్వింది. మరదలికి మాత్రం నవ్వు రాలేదు. మెట్లెక్కుతూ వదిన ఎన్నిసార్లు ఆగిందో, ఆగిన ప్రతిసారీ కుడి పక్కటెముకల కింద అరచెయ్యి ఎలా నొక్కి పట్టుకుందో ఆమె పక్కనే ఉండి చూసింది.

వదిన మనిషి భారీ. ఆ మాట ఎదుటివాళ్లు అనేలోపు వాళ్ల నోట్లోంచి లాక్కుని తనే అనేసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తనే అనేసుకుంటే తక్కువ గుచ్చుకుంటుందని కాబోలు. తమ్ముడి ఇంట్లోనే ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని టైలరు పని చేస్తుంది. బడిపిల్లల యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు, కిటికీ తెరలు, ఏది తెచ్చినా కాదనదు. తమ్ముడి భార్య ఈ ఇంటికి వచ్చిన రోజునే ఆమె నడుం చుట్టూ టేపు పెట్టి, టేపు ఇంకా చాలా మిగిలిపోయేసరికి "పుల్ల" అని పేరు పెట్టేసింది. ఆ పేరే ఖాయమైపోయింది.

"ఏం తిన్నా ఇక్కడ పట్టేస్తుందండీ" అంది వదిన, చోటు చూపిస్తూ. "పట్టి వీపులోకి పాకుతుంది. ఈ భుజం దాకా వస్తుంది. మిషను మీదికి వంగలేకపోతున్నాను."

డాక్టరు బల్ల మీది కంప్యూటరు తెర వైపు చూశాడు. చూపు అక్కడ నిలిచింది కూడా లేదు.

"పోయిన నెల స్కాన్ తీయించారుగా. అందులో ఏమీ లేదమ్మా. బరువు తగ్గితే అన్నీ తగ్గుతాయి. ఏం తినాలో చెప్పే అమ్మాయి పక్కగదిలోనే ఉంటుంది, కలిసి వెళ్లండి."

"అదొక్కటే తక్కువండీ నాకు. తినడం ఒకరు నేర్పాలా?" అంది వదిన. మళ్లీ అందరూ నవ్వారు.

మరదలు ఆ తెరనే చూస్తోంది. వదిన నంబరు పక్కన ఒకే ఒక్క లైను ఉంది. ఊబకాయం. దాని చివర చిన్న బాణం గుర్తు. అది నొక్కితే మిగతా లైన్లు కిందికి తెరుచుకుంటాయి. ఆ బాణాన్ని ఎవరూ నొక్కరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ లైన్లు పుట్టేది ఆమె కూర్చునే గదిలోనే.

అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో, కిటికీలు లేని పెద్ద హాల్లో ఆమె మెడికల్ కోడర్. డాక్టర్లూ స్కానింగ్ గదులవాళ్లూ రాసినవి చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి బాధకూ ఉన్న కోడు వెతికి కొట్టడం పని. ఫైళ్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఒంట్లో కొవ్వు ఎక్కువై స్కానింగులో బొమ్మ తేలకపోతే దానికీ ఒక కోడుంది. అలాంటి రిపోర్టు వస్తే రోగి ఏ బాధతో వచ్చిందో అది ముందు కొట్టాలి, బొమ్మ తేలలేదన్నది తర్వాత, బరువు సంగతి ఆఖర్న. నేర్పినప్పుడు అలాగే నేర్పారు. కానీ బరువూ ఎత్తూ నర్సు అన్నిటికంటే ముందు రాస్తుంది, అవి కాగితం నెత్తినే కనిపిస్తాయి. కంటికి ముందు పడింది వేలు ముందు కొట్టేస్తుంది. హాలంతా అలాగే కొడతారు. వదిన లైను తను కొట్టిందో, పక్క సీటువాళ్లు కొట్టారో తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఎవరు కొట్టినా బరువే ముందు పడి ఉండేది.

ఏమీ లేదు అంటున్నాడీయన. ఇలాంటి రిపోర్టుల్లో మామూలుగా ఉండేది ఏమీ కనిపించలేదు అని. ఆ రెండిటికీ మధ్య ఒక మనిషి పడిపోయేంత ఎడం ఉందని మరదలికి ఆ గదిలో నిలబడి ఉండగా మొదటిసారి తట్టింది. నోరు తెరిచేలోపే వదిన ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

*

"అక్క కాస్త ఒళ్లు తగ్గితే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు తమ్ముడు సాయంత్రం, బూట్లు విప్పుకుంటూ.

"నేను ఒళ్లు తగ్గిస్తాగానీ నువ్వు నోరు తగ్గించు" అంది వదిన, మిషను దగ్గర్నుంచి. తమ్ముడు నవ్వుకుంటూ లోపలికి పోయాడు. చెడ్డవాడేం కాదు. అందరూ అనే మాటే అతనూ అన్నాడు.

వదిన ఒక నిక్కరును లోపలి వైపు తిప్పి, కుట్టు వెంట బొటనవేలితో రాస్తూ పోతోంది. వేరే ఎవరో కుట్టింది, పిగిలితే బాగుచేయమని తెచ్చారు. "చూశావా? పైనుంచి చూస్తే ప్రతివాడి కుట్టూ బాగానే ఉంటుంది. తిప్పి చూస్తే తెలుస్తుంది ఎవడు పని చేశాడో, ఎవడు ఎగ్గొట్టాడో" అంది. అని, ఉన్నట్టుండి ఆగి, కుడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి కళ్లు మూసుకుంది. పాదం మిషను తొక్కుడు మీదే ఉండిపోయింది.

మరదలు ఆ పట్టు వదిలేదాకా ఆగి, "పోయిన నెల స్కానింగు కాగితం ఏదీ వదినా?" అంది.

"అదా? దళసరిగా ఉంటేనూ కాలరు అచ్చుకి కత్తిరించానే."

మరదలు నెత్తి కొట్టుకుంది. కత్తిరింపుల బల్ల కింది పెట్టెలో కాగితపు చేతులు, జేబులు, వీపులు కట్టలుగా ఉన్నాయి. అన్నీ తీసి పరిస్తే వాటి మధ్య దొరికింది, సగం కాగితమూ ఒక కాలరూ. రెండిటినీ బల్ల మీద అంచుకు అంచు చేర్చి పెట్టింది. ఆఖరి మాటలు కాలరు మీదికి పోయాయి. ఆమె చదివి, తెలుగులో చెప్పింది.

"ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉండటం వల్ల పిత్తాశయం సరిగ్గా కనిపించలేదంట. ఖాళీ కడుపుతో మళ్లీ తీయాలని రాశారు. లేదని ఎక్కడా రాయలేదు వదినా. కనిపించలేదని రాశారు."

వదిన టేపును వేలికి చుట్టి విప్పింది, మళ్లీ చుట్టింది.

"అంటే, నాకు నిజంగానే నొప్పి ఉందంటావా?"

"అదేం మాట?"

"కాదే. అందరూ అలా అంటుంటే నేనూ అదే అనుకున్నాను. లావుగా ఉన్నవాళ్లకి ఇలా నొప్పెట్టడం మామూలేనేమో, దీనికి ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదేమోనని."

ఆమె ఆ మాట నవ్వకుండా అంది. వదిన నవ్వకుండా తన ఒంటి గురించి మాట్లాడటం మరదలు ఎప్పుడూ వినలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే వదిన వెక్కిరిస్తుందని కాలరు మడిచి పర్సులో పెట్టుకుంది.

*

మర్నాడు పొద్దున్నే వెళ్లి తమ హాలు పని చూసే సెక్షన్ లీడును అడిగింది. ఆయన లేనప్పుడు హాల్లో అందరూ ఆయన్ని గడియారం అంటారు. మాట్లాడుతున్నంతసేపూ చూపు గోడ గడియారం మీదే ఉంటుంది. ఆయనా భారీ మనిషే. ఎడమ చెయ్యి ఎప్పుడూ చొక్కా మూడో గుండీ పక్కన పెట్టుకుని నెమ్మదిగా రుద్దుకుంటూ ఉంటాడు. కుర్రకోడర్లు కాఫీ దగ్గర చేరినప్పుడు ఆ రుద్దుకోవడం అనుకరించి నవ్వుకుంటారు.

"బరువు ముందు పడుతోంది సార్. పైన డాక్టర్లకి మొదటి లైనే కనిపిస్తుంది. మిగతాది వాళ్లు తెరవట్లేదు."

"ముందు పడిందా వెనక పడిందా అని ఎవరడిగారమ్మా? ఉండాల్సిన లైన్లు ఉన్నాయా లేవా? ఉన్నాయి. ఫైలు మూతపడిందా లేదా? మూతపడింది." ఆయన గుండీ పక్కన రుద్దుకుని గడియారం చూశాడు. "ఇప్పుడు హాలంతా తిరగేసి కొట్టమంటే నా వల్ల కాదు. నీ సీటు నీ ఇష్టం. వెనకబడితే మాత్రం నన్ననకు."

మధ్యాహ్నం విరామంలో ఆమె తిండి మానేసి డాక్టరు గదికి వెళ్లింది. ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. చెప్పాల్సింది నిలబడే చెప్పేసింది.

"సార్, నిన్న మా వదిన స్కానింగులో ఏమీ లేదన్నారు. బాణం ఒకసారి నొక్కి చూడండి."

ఆయన విసుగ్గానే నొక్కాడు. కింద ఇంకో రెండు లైన్లు తెరుచుకున్నాయి. బొమ్మ తేలలేదన్నది ఒకటి. పొట్టలో కుడివైపు పైభాగాన నొప్పి అన్నది అన్నిటికంటే అడుగున. ఆయన డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

"నా తెర మీద ఒక్క లైనే వస్తుందమ్మా. రోజంతా ఇలాగే చూస్తాను."

"ఆ లైను మేం కొట్టిందే సార్."

డాక్టరు అడుగున ఉన్న ఆ లైను ఇంకోసారి చదివాడు. తర్వాత ఆయన మళ్లీ స్కానింగుకు రాసి, ఎక్కువ సమయం ఇవ్వాలని కింద గీత గీశాడు.

*

స్కానింగ్ చేసే ఆవిడ పొట్టి మనిషి. కుడి భుజానికి ఎలాస్టిక్ పట్టీ వేసుకుని ఉంది. ఏళ్ల తరబడి ఒకే చేత్తో పొట్టలు నొక్కీ నొక్కీ ఆ భుజం పాడైందట. గదిలో మసక వెలుతురు, మిషను గురగుర, గోడవైపు సన్నటి మంచం.

వదిన మంచాన్ని చూసి మొదలుపెట్టింది. "అమ్మాయ్, ఇది విరిగితే..."

"పోయినసారీ ఇలాగే నవ్వించారు" అంది ఆవిడ, మిషను తిప్పుకుంటూ. కోపంగా అనలేదు. "మీరు నాకు బాగా గుర్తు. నేనూ పడీ పడీ నవ్వాను. బయట జనం తోసుకుంటున్నారు. నవ్వుల్లోనే నా టైమూ మీ టైమూ అయిపోయింది. ఈసారి నవ్వించకండమ్మా. మీ పొట్ట కదిలితే నాకు కనపడదు."

వదిన నోరు మూసుకుంది. ఆమె ముఖం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో మరదలు ఆ మసక వెలుతురులో చూసింది. సూదిలో దారం ఎక్కించేటప్పటి ముఖమది.

చల్లటి జిగురు రాసి ఆవిడ మొదట వెల్లకిలా పడుకోబెట్టి చూసింది. తెర నిండా బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. పొట్ట మీద ఆనించి చూసే ఆ చేతిపిడిని తీసేసి, లోతుగా చూసే ఇంకో పిడి తగిలించింది. అదే మసక. పోయిననెల ఇక్కడే ఆగిపోయి ఉంటారని మరదలికి అర్థమైంది. ఎన్ని ఫైళ్లు ఇక్కడ ఆగి తన బల్ల మీదికి వచ్చాయో కదా అనిపించింది.

"ఎడమవైపు తిరగండి. కుడిచెయ్యి తలమీదుగా పైకి. ఇంకా. ఆ, అలాగే ఉండండి." ఆవిడ చిన్న పీట లాక్కుని దానిమీదికెక్కి, పట్టీ వేసిన భుజం బరువంతా పిడి మీద మోపింది. నుదుట చెమట పట్టింది. "గాలి గట్టిగా పీల్చి ఆపండి. వదలొద్దు."

వదిన పీల్చి ఆపింది.

మసకలోంచి ఒక గీత తేలింది. గీత పక్కన ఇంకో గీత. ఉన్నట్టుండి తెర సగం మెత్తటి చుక్కలతో నిండిపోయింది.

"ఏంటండీ అది?" మరదలు గుసగుసగా అడిగింది.

"కాలేయం."

ఆ మాటను ఆమె ఎన్ని వేలసార్లు కొట్టిందో. ఆ మాట వెనక ఇంత పెద్దదొకటి ఉంటుందనీ, ఊపిరి వదిలినప్పుడు అది పైకి జరుగుతుందనీ, పీల్చినప్పుడు మళ్లీ కిందికి వస్తుందనీ ఆమెకు తెలియనే తెలియదు. దాని పక్కన గింజ ఆకారంలో మూత్రపిండం. నడిమధ్య ఒక పెద్ద రక్తనాళం, తెగ కొట్టుకుంటోంది. ఆవిడ మణికట్టు కొంచెం పైకి వంచింది. తెర పైఅంచున ఏదో తెరుచుకుంటూ మూసుకుంటూ, తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది.

"గుండె" అంది ఆవిడ, ఆపకుండా. "భలే ఆడుతోందమ్మా మీ గుండె."

మరదలు తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. వదిన మిషను తొక్కుతున్నప్పుడూ, అందర్నీ నవ్విస్తున్నప్పుడూ, కుర్చీ చాలక నిలబడ్డప్పుడూ ఇది ఇలాగే ఒంటిచేత్తో అంత మనిషినీ నడుపుకుంటూ వచ్చింది. దీన్ని ఎవరూ చూడలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. తమ హాల్లోంచి దీని గురించి పైకి వెళ్లింది ఒకే మాట. ఆ మాట తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గును కూడా పక్కకు తోసి, ఎదురుగా ఆడుతున్నదాన్ని రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది.

"ఇంకొక్కసారి పీల్చండి. దొరికేలా ఉంది."

పక్కటెముకల సందులోంచి పిడి కొంచెం కొంచెంగా జరిగింది. కాలేయం కింద నల్లగా, చిన్న సంచి లాంటిది తేలింది. దాని మెడ దగ్గర తెల్లగా మెరిసే ముక్క. ఆ ముక్క వెనక చీకటి బారుగా పడి ఉంది.

"దొరికావా!" అంది ఆవిడ, పట్టీ భుజం దించకుండానే. "రాయి. మెడలో ఇరుక్కుంది. తిప్పినా కదలడం లేదు. గోడ కూడా వాచింది. పాపం ఎలా ఓర్చుకున్నారమ్మా దీన్ని?"

వదిన ఊపిరి వదిలేసింది. "నాకూ చూపించండి" అంది.

ఆవిడ వదినను వెల్లకిలా తిప్పి, తెరను ఆమె వైపు తిప్పి, తీసి పెట్టుకున్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించింది. ఆఖర్న మళ్లీ పిడి పెట్టి గుండె కోసం వెతికింది. ఈసారి అంత స్పష్టంగా రాలేదు. అయినా ఆ తెరుచుకోవడమూ మూసుకోవడమూ తెలిసింది. వదిన మెడ ఎత్తి చూస్తూనే ఉంది.

"ఇదంతా నాదేనా?"

"మీదే. ఇంకెవరిది?"

"లోపలంతా కొవ్వే అనుకున్నాను." ఆమె కంటి కొసనుంచి నీరు జారి చెవిలోకి పోయింది, తుడుచుకోలేదు. "ఇంత పని జరుగుతోందా! ఇంత పద్ధతిగా!" చాలాసేపు అలాగే చూసి, చూపు తిప్పకుండానే మరదలి చెయ్యి తడిమి పట్టుకుంది.

"లోపలి కుట్టు బాగుందే పుల్లా" అంది.

*

ఇంకొన్నాళ్లు ఊరుకుని ఉంటే ఆ సంచి చీముపట్టి చిట్లేదని ఆపరేషన్ చేసినాయన తమ్ముడితో చెప్పాడు. తమ్ముడు ఆ మాట విని వరండాలో ఒక మూలకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తిరిగొచ్చాక అక్క మంచం పక్కన కూర్చుని ఆమె కాలివేళ్లు నొక్కుతూ ఉండిపోయాడు. బరువు ఊసు ఎత్తలేదు.

తీసిన రాళ్లను మూత ఉన్న చిన్న సీసాలో వేసి ఇచ్చారు. వదిన సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, "ఏం తినాలో చెప్పే అమ్మాయిని పిలవవే. ఇంత బరువు తగ్గానని చూపిస్తాను" అంది. అని, నవ్వితే కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుంది. ఈసారి మరదలు కూడా నవ్వింది. ఆ నవ్వు వేరు.

మరదలు హాల్లో తన సీటుకు తిరిగొచ్చింది. బొమ్మ తేలలేదన్న ఫైలు వస్తే ఇప్పుడామె వేలు కాగితం నెత్తిన ఆగదు. రోగి ఎందుకొచ్చిందో వెతికి ముందు ఆ బాధ కొడుతుంది. రిపోర్టు ఆఖరి మాట దాకా చదువుతుంది. మళ్లీ తీయాలని ఉంటే ఫైలు మూయకుండా డాక్టరుకు తిప్పి పంపుతుంది. నంబరు వెనక ఒక గుండె తెరుచుకుంటూ మూసుకుంటూ ఉందన్న సంగతి ఆమెకు ఇక మరుపు రాలేదు. దాంతో పని నెమ్మదించింది. పక్క సీటావిడ "ఏంటమ్మా, ప్రతి కాగితాన్నీ పెళ్లిచూపులు చూస్తున్నావు?" అని ఎకసెక్కమాడింది. రెండ్రోజులయ్యాక ఆవిడే కుర్చీ జరుపుకుని వచ్చి, ఎలా కొడుతున్నావో చూపించమంది.

ఆ వారం చివర, సాయంత్రం, అందరూ సంచులు తగిలించుకుని వెళ్లిపోయారు. మరదలు కంప్యూటరు ఆపుతుండగా గడియారం సారు వచ్చి ఆమె సీటు అడ్డగోడ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నీ ఫైళ్లు చాలా తెరిచే ఉన్నాయి."

"మళ్లీ తీయాలని రాశారు సార్. పైకి పంపాను. వాళ్లు తీశాక మూస్తాను."

తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. గోడ గడియారం వంక కూడా చూడలేదు. తలుపు వైపు చూసి, ఎవరూ లేరని తెలిశాక గొంతు తగ్గించాడు.

"ఆ స్కానింగ్ ఆవిడ... నాలాంటివాళ్లకి కూడా అంత టైమిస్తుందా?" అని, ఆమె జవాబు చెప్పేలోపే తనే గట్టిగా నవ్వేశాడు. "మంచం తట్టుకోవాలిగా ముందు!"

ఆ నవ్వు మరదలికి తెలుసు. ఎదుటివాళ్ల నోట్లోంచి మాట లాక్కునే నవ్వు. ఇన్నేళ్లుగా ఈయన దగ్గర దాన్ని విని, అందరితో పాటు తనూ నవ్వింది.

ఆమె నవ్వలేదు. హాలు చివరిదాకా వెళ్లి, చేతుల్లేని కుర్చీ ఒకటి వెతికి తెచ్చి ఆయన ముందు వేసింది.

"కూర్చోండి సార్. ముందు నొప్పి ఎక్కడో చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. ఎడమ చెయ్యి అప్పటికే మూడో గుండీ పక్కన ఉంది.